మబ్బు రంగు, బూడిద రంగు

భీమారావు తన మొత్తం కాపురంలో ఇంటి పని అంటూ చేసింది ఒక్కటే, దీపావళి ముందు గోడలకి సున్నం వేయడం. మిగతావన్నీ బంగారమ్మ చేసేది. కుళాయి దగ్గర బిందెలు పట్టడం, బొగ్గుల సిగ్డీ పొయ్యి రాజెయ్యడం, రేషను కొట్టు ముందు నిలబడటం, కూతురికి జ్వరం వస్తే చంకనేసుకుని ఆస్పత్రికి పరుగెత్తడం, ఇవేవీ ఆయన దృష్టిలో మగవాడి పనులు కావు. సున్నం మాత్రం మగవాడి పని. ఎందుకయ్యా అంటే దానికి నిచ్చెన ఎక్కాలి.

నిచ్చెన ఎక్కడం ఒక ఎత్తు, రంగు కలపడం ఒక ఎత్తు. రాయ్‌పూర్ శివారు ఉర్లాలో ఇనప చువ్వలు తీసే మిల్లు ఒకటుంది. దాని ప్రహరీ పక్కన వరసగా ఒంటిగది క్వార్టర్లు ఉండేవి. అందరూ దాన్ని లైను అనేవారు. లైనులో కొందరి గోడలు తెల్లగా పాలిపోయి ఉండేవి, కొందరివి నీలం ఎక్కువై బట్టల సబ్బులా ఉండేవి. భీమారావు గోడలు మాత్రం వాన పట్టిన ఆకాశంలా ఉంటాయని చెప్పుకునేవారు. ముందురోజే డ్రమ్ములో సున్నపురాళ్లు నానేసి, అవి కుతకుత ఉడికి చల్లారాక గుడ్డలో వడకట్టి, అందులో నీలిమందు కలిపేవాడు. ఎంత కలిపాడో ఎవరికీ చెప్పేవాడు కాదు. పెళ్లాం డ్రమ్ము దగ్గరికి వస్తే "నువ్వెల్లి పిండొంటలు సూసుకో" అని తరిమేసేవాడు. ఆ కాస్త నీలం నీళ్లకి ఆయన చేసే హడావిడి చూసి లైనులో ఆడవాళ్లు కొంగు అడ్డం పెట్టుకుని నవ్వుకునేవారు.

ఆయనది చీపురుపల్లి దగ్గర చిన్న పల్లె. మీసాలు సరిగ్గా మొలవకముందే మేనమామ వెంట రైలెక్కి వచ్చి మిల్లులో చేరాడు. ఎర్రగా కాలిన కడ్డీని పట్టకారుతో పట్టి రోలర్ల మధ్యకి తోసే పని. ఛత్తీస్‌గఢ్ వేరే రాష్ట్రమైన ఏడాది ఫోర్‌మన్ అయ్యాడు. రాత్రి పూటయితే కొలిమి వేడి కాస్త ఓర్చుకోవచ్చని ఏళ్ల తరబడి రాత్రి డ్యూటీలే అడిగి వేయించుకున్నాడు. పొద్దున్నే వచ్చి, గబగబా అన్నం తిని, కిటికీకి దుప్పటి అడ్డం కట్టి పడుకునేవాడు. దీపాలు పెట్టే వేళకి లేచి మళ్లీ వెళ్లిపోయేవాడు. మంచి మనిషే. తాగుడు లేదు, పెళ్లాం మీద చెయ్యెత్తడం లేదు. ఇంట్లో ఉండేవాడు కాదు, అంతే. ఆ సంగతి ఆయనకి అప్పట్లో తోచలేదు. బంగారమ్మ ఎన్నడూ అనలేదు.

రిటైరయ్యాక రాయ్‌పూర్‌లోనే గుఢియారిలో రెండు గదుల ఇల్లు కట్టుకున్నారు. ముందు చిన్న వరండా, దానికో ఇనప గేటు. మిల్లువాళ్లు లైను కూల్చేసి గోడౌను లేపారు. ఒక్కగానొక్క కూతురు రజనికి శంకర్ నగర్‌లో ఆఫీసు ఉద్యోగం, కాపురమూ అక్కడే. ఇక కాళ్లు చాపుకుని కూర్చుని పెళ్లాం చేతి చారు తినడమే తరవాయి అనుకున్నాడు భీమారావు. సరిగ్గా అప్పుడే బంగారమ్మకి మతిమరుపు పట్టుకుంది.

మొదట్లో చారులో ఉప్పు రెండుసార్లు వేసేది. తర్వాత పక్కింటామె పేరు మరిచిపోయింది. ఆ తర్వాత మనవరాలిని పట్టుకుని "ఈ పిల్ల ఎవరిదే?" అని రజనినే అడిగింది. ఇవన్నీ భీమారావు నవ్వి సర్దుకున్నాడు. సర్దుకోలేనిది ఒకటే. సాయంత్రమైతే చాలు, బంగారమ్మ రెండు చీరలు తువ్వాల్లో మూట కట్టుకుని గుమ్మంలో నిలబడేది.

"ఏటండీ, ఎల్దాం రండి. పొద్దు పోతంది. ఈళ్లింట్లో ఎన్నాళ్లుంటాం?"

"ఇది మనిల్లేనే బంగారీ."

"మనిల్లు నాకు తెల్దేటండీ?" అనేది చిన్నబుచ్చుకుని.

వాదించి లాభం లేదని భీమారావుకి తొందరగానే అర్థమైంది. చెయ్యి పట్టుకుని బయటికి తీసుకెళ్లేవాడు. వీధి చివర పాలకొట్టు దాకా వెళ్లి, హనుమాన్ మందిరం చుట్టూ తిప్పి, మళ్లీ అదే గేటు ముందు నిలబెట్టి "వొచ్చీసేం, ఇదే మనిల్లు" అనేవాడు. కొన్నాళ్లు నమ్మింది. వాళ్లిద్దరూ వీధిలో చేతులు పట్టుకుని నడవడం అదే మొదలు. పెళ్లయిన కొత్తలో కూడా ఆయన ముందు, ఆమె నాలుగు బారలు వెనక నడిచారు. ఇప్పుడేమో ఆమె వేళ్లు ఆయన వేళ్లలో గట్టిగా ఇరుక్కుని ఉండేవి. కుక్క మొరిగితే ఆయన భుజం వెనక్కి చేరేది. "ఏటండీ, దూరమేటి?" అని మాటిమాటికీ అడిగేది. రోగిష్టి పెళ్లాంతో షికారేమిటని ఎవరైనా నవ్వుతారేమోనని ఆయనకి సిగ్గుగా ఉండేది గానీ, మధ్యాహ్నం దాటిన దగ్గర్నుంచీ ఆ నడక కోసమే ఎదురుచూసేవాడు.

ఆ ఉపాయం ఎన్నాళ్లో పారలేదు. గేటు దాకా బాగానే వచ్చేది. లోపలి గదిలో అడుగుపెట్టి గోడలు చూడగానే మొహం వాడిపోయేది. మీగడ రంగు ప్లాస్టిక్ పెయింటు గోడలవి. "మళ్లీ ఈళ్లింటికే తెచ్చీసేరేటండీ" అని కూలబడి ఏడ్చేది. ఒకరోజు మధ్యాహ్నం ఆయన కునుకు తీస్తుంటే మూట పట్టుకుని వెళ్లిపోయింది. ఉర్లా రోడ్డు మీద లారీల మధ్య చెప్పుల్లేకుండా నడుస్తుంటే ఎవరో ఆటోవాడు గుర్తుపట్టి తెచ్చి దించాడు. అరికాళ్లు బొబ్బలెక్కాయి. ఆ రోజు నుంచి గేటుకి తాళం పడింది.

తాళం పడ్డాక చూడాలి. గేటు చువ్వలు పట్టుకుని, దారిన పోయే ప్రతి మనిషినీ "భయ్యా, తాలా ఖోల్ దో" అని, తాళం తియ్యమని బతిమాలేది. నన్ను ఇంటికి పోనీండి అని చేతులు జోడించేది. బతుకంతా కొలిమి మంటని కళ్లలోకి చూసిన భీమారావు ఆ మొహాన్ని చూడలేకపోయాడు. పెరట్లోకి పోయి చెవులు మూసుకుని కూర్చునేవాడు.

డాక్టరు దీనికి మందు లేదన్నాడు. తెలిసిన వస్తువుల మధ్య, తెలిసిన మనుషుల మధ్య ఉంచండి, బెదురు తగ్గొచ్చు అన్నాడు. ఇంటికొచ్చాక రజని అసలు మాట బయటపెట్టింది.

"నాన్నా, కోప్పడకు. ఆరంగ్ దారిలో ఇలాంటోళ్ల కోసం ఒక ఆశ్రమం ఉంది. నేను వెళ్లి చూశాను. శుభ్రంగా ఉంది, నర్సులున్నారు. నువ్వొక్కడివీ ఎన్నాళ్లని కాపలా కాస్తావు?"

"అక్కడ గేటుకి తాళం ఉండదేటి?"

రజని గేటుకి వేలాడుతున్న తాళం కేసి చూసింది.

"ముందు నన్నో పని సెయ్యనియ్యి. అప్పుడికీ దానికి నెమ్మది లేకపోతే నువ్వు సెప్పినట్టే సేద్దాం" అన్నాడు భీమారావు.

ఆ పని ఏమిటంటే, లోపలి గదిని లైనులో గదిలా మార్చడం. ఆమె వెళ్తానని ఏడ్చేది అక్కడికే కదా, అదే ఇక్కడికి తెస్తే పోలేదా అనుకున్నాడు. డబుల్ కాట్ తీసేసి పాత ఇనప మంచం వేశాడు. అటక మీది రేకు ట్రంకు దించాడు. సామాను కొట్టులో వెతికి పాతకాలం రేకు స్టాండు పట్టుకొచ్చి సత్తు గిన్నెలు బోర్లించాడు. అన్నీ కుదిరాయి, గోడల రంగు ఒక్కటే మిగిలింది. మళ్లీ సున్నమూ నీలిమందే వేసేద్దామంటే, ప్లాస్టిక్ పెయింటు మీద సున్నం నిలవదు, పెచ్చులు లేచిపోతుందని పెయింటర్ దుకాలూరామ్ తల అడ్డంగా ఊపేశాడు. కొట్లో దొరికే రంగుల్లోనే వెతుక్కోవాలి. ఫోటో చూసి పోల్చుకుందామంటే లైనులో తీసిన రంగుల ఫోటో ఒక్కటే ఉంది, రజని పుట్టినరోజుది. అది కాస్తా ఎర్రబారి పోయి అందులో గోడా, కేకూ, మనుషులూ అంతా ఒకటే రంగు.

రజని ఆఫీసుకి దగ్గర్లోనే పెయింటు కొట్టు ఉంటే, బంగారమ్మని పక్కింటామెకి అప్పజెప్పి ఇద్దరూ వెళ్లారు. కొట్టువాడు షేడు కార్డు విసనకర్రలా విప్పాడు. ఆయన వద్దు వద్దు అని పేజీలు తిప్పుకుంటూ పోయి ఒకచోట ఆగాడు. పక్కపక్కనే రెండు రంగులు. వాటికి ఇంగ్లీషులో ఏవో పేర్లు రాసి ఉన్నాయి గానీ భీమారావు తన పేర్లు తను పెట్టుకున్నాడు. ఒకటి మబ్బు రంగు, ఒకటి బూడిద రంగు. మబ్బు రంగులో కాస్త నీలం తొంగిచూస్తోంది. బూడిద రంగులో ఆ నీలం మీద పొగ కమ్మినట్టుంది. అంతకు మించి తేడా లేదు. "దోనో ఏక్ హీ హై అంకల్, ఏదైనా తీసుకోండి" అన్నాడు కొట్టువాడు విసుగ్గా.

"ఇదే. పక్కా ఇదే" అన్నాడు భీమారావు మబ్బు రంగు మీద వేలు పెట్టి.

రజని కార్డుని వెలుతురులోకి తిప్పింది. "నాకు ఈ రెండోది అనిపిస్తోంది నాన్నా. ఇంత నీలం ఉండేది కాదు మన గోడ. జరా ధ్యాన్ సే, బాగా చూడు."

"నీకేటి తెల్సు, సిన్నపిల్లవి అప్పుడు. ఏటేటా నా సేత్తో కలిపిన రంగు. నా పేరు మర్సిపోతానేమో గానీ ఆ రంగు మర్సిపోతానేటే?"

ఫోర్‌మన్ గొంతు అది. ఆ గొంతుకి మిల్లులో కుర్రాళ్లే ఎదురు చెప్పలేకపోయేవారు, రజని ఏం చెబుతుంది? మబ్బు రంగే కలిపించుకుని ఆటోలో పెట్టుకొచ్చారు.

దుకాలూరామ్ నాలుగు గోడలూ నునుపుగా లాగించాడు. తడి ఆరేదాకా బంగారమ్మని ముందు గదిలోనే కూర్చోబెట్టి, మర్నాడు సాయంత్రం ఆమె మూట కట్టుకునే వేళకి భీమారావు చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్లాడు. పెళ్లిచూపుల నాడు కూడా ఆయనకి అంత బెదురు లేదు. బంగారమ్మ మంచం చూసింది. రేకు స్టాండు చూసింది. గోడ దగ్గరికి వెళ్లి అరచేత్తో నిమిరి, మెచ్చుకోలుగా తలూపింది.

"ఈళ్లు దీపావళికి సున్నం ఏయించేసేరండీ. బాగున్నాది. మనింటికి మీరింకా ఎయ్యనేదు గదా" అని ఆయన వేళ్లు పట్టుకుంది. "రండి, ఎల్దాం. మీకు డ్యూటీకి టైమైపోతాది."

భీమారావు ఆమెని పాలకొట్టు దాకా నడిపించి తీసుకొచ్చాడు. తిరిగొచ్చాక ఆమె యథాప్రకారం ఏడ్చింది.

ఆ మాట ఆయన్ని వదల్లేదు. కొత్త సున్నం. అవును, ఆయనకి గుర్తున్నది కొత్త సున్నమే. పండగ సెలవు పూట నిచ్చెన దిగి, నడుం మీద చేతులు పెట్టుకుని, నిగనిగలాడే గోడని చూసి మురిసిపోయిన ఆ కాసేపే గుర్తుంది. ఆ సాయంత్రమే డ్యూటీకి వెళ్లిపోయేవాడు. మర్నాటి నుంచీ ఆ గోడ మీద సిగ్డీ పొగ చేరేది. పోపులు, మిరపకాయల ఘాటు, మిల్లు చిమ్నీ మసి, వానాకాలం చెమ్మ, అన్నీ చేరేవి. పగలల్లా ఆయన కిటికీకి దుప్పటి కట్టుకుని నిద్రపోయేవాడు. ఏడాది పొడుగునా ఆ గోడ ఏ రంగులో ఉండేదో ఆయన కళ్లు తెరిచి చూసిన పాపాన పోలేదు.

పొద్దున్నే రజనికి ఫోను చేశాడు.

"ఆ గోడ నీకు ఎలాగ గుర్తున్నాదో సెప్పే."

"ఇప్పుడెందుకు నాన్నా?"

"సెప్పు."

"చెప్పాను కదా, అంత నీలం కాదు, పొగ రంగు. పొయ్యి దగ్గరైతే ఇంకా ముదురు. అమ్మ గోడకి వీపు ఆనించి కూర్చుని బియ్యం ఏరేది. నేను పక్కన హోంవర్కు రాసుకునేదాన్ని. నువ్వు పడుకునుంటే మేమిద్దరం గుసగుసలుగా మాట్లాడుకునేవాళ్లం, నీకు మెలకువ వస్తుందని."

భీమారావు ఫోను చెవికి పెట్టుకునే లోపలి గదిలోకి వెళ్లి గోడ ముందు నిలబడ్డాడు. అవతల రజని "నాన్నా, నాన్నా" అంటోంది.

"ఆ ఇంట్లో మీరిద్దరే ఉన్నార్రా" అన్నాడు చివరికి. "నాను లేను. ఏడాదికోపాలి సున్నమేసి ఎల్లిపోయేవోణ్ణి. అది ఏ ఇంటికెల్తానంటందో నాకు తెల్దు." ఏడుస్తూనే ఫోను పెట్టేశాడు. ఆయన అలా ఏడవడం రజని పెళ్లి అప్పగింతల్లో కూడా ఎవరూ చూడలేదు.

మళ్లీ కొట్టుకి వెళ్లి బూడిద రంగు డబ్బా తెచ్చాడు. దుకాలూరామ్ రెండు డబ్బాల మూతలూ తీసి పక్కపక్కన పెట్టుకుని, అటూ ఇటూ చూసి నవ్వాడు. "ఫరక్ క్యా హై బాబూజీ?" అన్నాడు. తేడా ఏమిటో చెప్పే ఓపిక భీమారావుకి లేదు. వెయ్యమన్నాడు. మధ్యాహ్నానికి మంచం వైపు గోడా, కిటికీ గోడా పూర్తయ్యాయి. మిగతా రెండు రేపు వేస్తానని దుకాలూరామ్ సైకిలెక్కి వెళ్లిపోయాడు.

పొద్దు వాలేసరికి ఆ రెండు గోడలూ ఆరిపోయాయి. బంగారమ్మ మూటతో లేచింది. గుమ్మం వైపు వెళ్లబోతూ లోపలి గది ముందు ఆగింది. ఆగి, తల లోపలికి పెట్టి చూసింది. నెమ్మదిగా లోపలికి వెళ్లి మంచం పక్క గోడ ముందు నిలబడింది. భీమారావు తలుపు పక్కన నిలుచున్నాడు. ఆమె మూట విప్పింది. చీరలు దులిపి మడతపెట్టి ట్రంకు మీద పెట్టింది. తువ్వాలు దండెం మీద ఆరేసింది. గోడకి వీపు ఆనించి కింద కూర్చుని, కాళ్లు బారజాపి, "అమ్మయ్య" అంది. ఆ మొహంలో బెదురు లేదు. వెతుకులాట లేదు. ఊరంతా తిరిగి ఇల్లు చేరిన మనిషి మొహం అది. భీమారావు కళ్లు చెమర్చాయి. తన చేతుల మీదుగా జరిగిన పనుల్లో ఇంత మంచి పని ఇంకోటి లేదనిపించింది.

"బంగారీ" అంటూ సంతోషం పట్టలేక లోపలికి అడుగుపెట్టాడు.

ఆమె గబుక్కున లేచి నిలబడి పమిట సర్దుకుంది.

"ఎవరు కావాలి తాతా?"

భీమారావుకి అర్థం కాలేదు. "నానేనే. నాను" అన్నాడు.

"ఇంట్లో మగోళ్లు నేరు తాతా. మా ఆయన డ్యూటీకెల్లేరు. రేప్పొద్దున్నొస్తారు, అప్పుడు రా." మాటలో కోపం లేదు. ఇంటికొచ్చిన పెద్దవాడితో మాట్లాడినట్టు మర్యాదగానే అంది. ఆ గదిలో ఆమె వయసెంతో గానీ, ఈ తెల్లజుట్టు ముసలాడు మొగుడయ్యే వయసు మాత్రం కాదు.

"మీ ఆయన పేరేటి?" అని అడిగాడు, అడగకుండా ఉండలేక.

బంగారమ్మ సిగ్గుపడింది. మొగుడి పేరు చెప్పడం ఆమెకి అలవాటు లేదు. "మిల్లులో అడుగు, అందరికీ తెల్సు" అంది.

ఆయన వరండాలోకి వచ్చాడు. కాసేపటికి ఆశ చావక గేటు బయటికి వెళ్లి, డ్యూటీ నుంచి వచ్చేటప్పుడు చేసినట్టే గట్టిగా గొంతు సవరించుకుని, చెప్పులు చప్పుడు చేస్తూ లోపలికి వచ్చాడు. బంగారమ్మ ఆత్రంగా తలుపు దగ్గరికి వచ్చింది. ఆయన మొహం చూసి, ఆయన భుజం మీదుగా వెనక్కి తొంగి చూసింది.

"ఆరింకా రానేదు తాతా" అని లోపలికి వెళ్లిపోయింది.

గేటు తాళం తీసే ఉంది. ఆమె అటు తిరిగి కూడా చూడలేదు. ఒట్టి చేట ఒళ్లో పెట్టుకుని, లేని బియ్యంలో రాళ్లేరుకుంటూ, సన్నగా ఏదో పాడుకుంటూ కూర్చుంది. ఎన్ని నెలలైందో ఆ ఇంట్లో సాయంత్రం పూట ఏడుపు వినబడక. భీమారావు మాత్రం ఆ రాత్రి ముందు గదిలో చాప వేసుకున్నాడు.

పొద్దున్న ఆయన టీ గ్లాసు తీసుకుని వెళ్లేసరికి ఆమె నిద్ర లేచి అటు తిరిగి కూర్చుని ఉంది, ఇంకా మబ్బు రంగులోనే ఉన్న గోడల వైపు. ఆయన్ని చూడగానే మొహం ముడుచుకుని చెయ్యి చాపింది.

"ఏటండీ, ఎక్కడికెల్లిపోయేరు? ఎల్దాం రండి, ఈళ్లింట్లో నాను ఉండలేను."

భీమారావు పరుగున వెళ్లి ఆ చెయ్యి పట్టుకున్నాడు. నన్ను గుర్తుపట్టిందన్న సంతోషంలో, ఆమె ఏడుస్తోందన్న సంగతి ఆయనకి కాసేపు తెలియనే లేదు. ఏడ్చి ఏడ్చి ఆమె కళ్లు తుడుచుకుని మంచం వైపు తిరిగింది. అటున్న బూడిద రంగు గోడ కేసి చూస్తూ చూస్తూ నెమ్మదించింది. పట్టుకున్న వేళ్లు ఒక్కొక్కటే వదులయ్యాయి. తన చేతిలో ఎవరో ముసలాయన చెయ్యి ఉన్నట్టు చూసుకుని, మర్యాదగా వెనక్కి తీసుకుంది.

రంగు వల్లే ఇదంతా అంటే డాక్టరు ఒప్పుకోడు. జబ్బు ముదిరేటప్పుడు ఇలాగే ఉంటుంది, గోడలకేం సంబంధం అంటాడు. అనుకోనీండి. భీమారావు కళ్లతో చూశాడు.

రజని ఆఫీసుకి సెలవు పెట్టి వచ్చింది. జరిగింది విని తలుపుకి ఆనుకుని ఏడ్చింది. దుకాలూరామ్ రోలరు నానబెట్టి, రెండు డబ్బాలూ ముందు పెట్టుకుని ఎదురు చూస్తున్నాడు. మబ్బు రంగు ఇంకా మిగిలే ఉంది, బూడిద రంగు వేసిన రెండు గోడలకీ మళ్లీ వేయడానికి సరిపోతుంది.

"మబ్బు రంగే మళ్లీ వేయించేద్దాం నాన్నా" అంది రజని. "ఏడిస్తే ఏడుస్తుంది. రోజూ నడిపించి తీసుకొద్దువు గాని. నేను కూడా సాయంత్రం వస్తాను. నిన్ను గుర్తుపడుతుంది కదా, అది చాలు. నిన్నెవరో అనుకుంటుంటే నువ్వెలా బతుకుతావు ఈ ఇంట్లో?"

ఆ మాట ఆయన మనసులోదే. అబద్ధమెందుకు, రాత్రంతా అదే అనుకున్నాడు. మబ్బు రంగు వేయిస్తే సాయంత్రం మళ్లీ ఆ వేళ్లు తన వేళ్లలో ఇరుక్కుంటాయి. మళ్లీ "ఏటండీ" అని పిలుస్తుంది. పాలకొట్టు దాకా వెళ్లొచ్చు. మనిషికి ఈ వయసులో ఇంకేం కావాలి? అనుకుంటూనే మబ్బు రంగు డబ్బా మీద చెయ్యి వేశాడు కూడా.

గదిలోకి చూశాడు. బంగారమ్మ కిటికీ గోడకి వీపు ఆనించి, కళ్లు మూసుకుని, ఎండ మొహం మీద పడుతుంటే హాయిగా కూర్చుని ఉంది. పక్కన ఎవరో నిద్రపోతున్నట్టు, వేళ్ల చివర్లతో చేటని చప్పుడు కాకుండా కిందపెట్టింది.

భీమారావు డబ్బా మీది చెయ్యి తీసేశాడు.

"వో వాలా" అన్నాడు దుకాలూరామ్‌తో, బూడిద రంగు చూపించి. "పూరా కమరా" అంటూ నాలుగు గోడల వైపూ చెయ్యి తిప్పాడు.

"నాన్నా!"

"మొగుడు లేకుండా ఇంట్లో ఉండడం దానికి అలవాటేనే రజనీ. నానే అలవాటు సేసేను. ఇల్లు లేకుండా ఉండడం దానికి సేత కాదు" అన్నాడు. కుర్చీ తీసుకుని వరండాలోకి వెళ్లిపోయాడు.

లోపల రోలరు గోడ మీద కిర్రుకిర్రుమంటోంది. రజని వంటింట్లో టీ పెట్టింది. ఎవరు చెప్పారో, ఎవరూ చెప్పకుండానేనో, బంగారమ్మ ఒక గ్లాసు పట్టుకుని వరండాలోకి వచ్చి ఆయన చేతికిచ్చింది. గొంతు తగ్గించి మాట్లాడింది.

"తాగీసి ఎల్లు తాతా. మా ఆయన రాత్రల్లా కొలిమి కాడ నిలబడొచ్చి ఇప్పుడే పడుకున్నారు. సప్పుడైతే నిద్రట్టదు ఆరికి."

"అలాగేనమ్మా" అన్నాడు భీమారావు.

పెళ్లాన్ని అమ్మా అని పిలవడం ఆయనకి అదే మొదలు. ఆమె లోపలికి వెళ్లేదాకా ఆగి, కుర్చీ నేలకి రాచుకోకుండా ఎత్తి, గేటు దగ్గరికి జరుపుకుని కూర్చుని టీ తాగాడు.